అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు అంతంతసేపు ఎందుకు సాగుతున్నాయి?

లెక్కకు ఆట 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లే అయినా, మ్యాచ్ ముగిసేసరికి మూడు గంటలు దాటిపోతుంది. దీనికి మూలం పాసుల ఆట (బంతిని ముందుకు విసిరి ఆడడం) పెరగడమేనని నా అభిప్రాయం. బంతితో పరిగెత్తుతున్న ఆటగాణ్ణి మైదానం లోపలే పడగొడితే గడియారం సాధారణంగా నడుస్తూనే ఉంటుంది. అదే విసిరిన బంతి ఎవరికీ చిక్కకుండా నేలను తాకితే గడియారం అక్కడికక్కడే ఆగిపోయి, తర్వాతి స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) వరకు కదలదు.

దీనికితోడు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1999లో మళ్ళీ ప్రవేశపెట్టిన రీప్లే సమీక్ష (రిఫరీ నిర్ణయాన్ని వీడియోలో సరిచూడడం) కొంత సమయం తింటుంది. ఇక టీవీ ప్రకటనల సంగతి: స్కోరు రాగానే ఒక విరామం, కిక్‌ఆఫ్ (బంతిని తన్ని ఆటను తిరిగి మొదలుపెట్టడం) కాగానే మరొకటి రావడంతో ప్రేక్షకులు విసిగిపోగా, 2017లో ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌కు ఐదుగా ఉన్న విరామాలను నాలుగుకు తగ్గించింది (ఒక్కో విరామం నిడివిని మాత్రం పెంచింది!).

కాలేజీ పోటీల్లో హాఫ్‌టైమే 20 నిమిషాలు. పైగా అక్కడ ఫస్ట్ డౌన్ (పది గజాలు ముందుకు సాగి, మళ్ళీ నాలుగు ప్రయత్నాలు పొందడం) వచ్చిన ప్రతిసారీ గడియారాన్ని కాసేపు ఆపేవారు. 2023లో అగ్రశ్రేణి కాలేజీ పోటీల్లో ఆ పద్ధతిని ప్రతి అర్ధభాగపు చివరి రెండు నిమిషాలకే పరిమితం చేశారు. అయితే మరుసటి ఏడాదే, అర్ధభాగం ముగియడానికి రెండు నిమిషాల ముందు తప్పనిసరి విరామాన్ని కొత్తగా చేర్చారు.