ఏజింగ్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ చదవాలంటే నర్సింగ్ చేసి ఉండాలా?

అక్కర్లేదు, అమెరికా యూనివర్సిటీల్లో హెల్త్, ఏజింగ్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అంటే వైద్యం చేయడం కాదు, వృద్ధుల సంరక్షణ కేంద్రాన్ని నడపడం నేర్పే కోర్సు. మందులు, ఇంజెక్షన్లు నర్సులు చూసుకుంటారు. ఏ షిఫ్టుకు ఎంతమంది ఉండాలి, తనిఖీకి వచ్చినవాళ్లకు ఏ రికార్డు చూపాలి, బిల్లు ఎవరు కడతారు అన్నవి అడ్మినిస్ట్రేటర్ తలనొప్పులు. అసలు చిక్కంతా ఈ బిల్లుల దగ్గరే. ఆస్పత్రి నుంచి వచ్చిన వృద్ధుడికి మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) గరిష్ఠంగా 100 రోజులే భరిస్తుంది, అదీ 20 రోజులు దాటాక రోజుకింత అని పేషెంటు కూడా కట్టాలి. ఆ తర్వాత సొంత డబ్బు, అదీ లేకపోతే మెడికెయిడ్, అంటే పేదల కోసం ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా. కావలిలో బీకాం చదివిన అమ్మాయికి ఈ లెక్కలు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లకన్నా తొందరగానే పట్టుబడతాయి. (మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, ముందే కనుక్కోవాలి.)

డిగ్రీ చేతికొస్తే చాలు, నర్సింగ్ హోమ్ (అమెరికాలో వృద్ధుల సంరక్షణ కేంద్రం) అప్పగించేస్తారని చాలామంది పొరపడతారు. నర్సింగ్ హోమ్ అడ్మినిస్ట్రేటర్‌కు అక్కడ రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి. అందుకు జాతీయ స్థాయి పరీక్ష పాసవ్వాలి. చాలా రాష్ట్రాల్లో అనుభవమున్న అడ్మినిస్ట్రేటర్ కింద నెలల తరబడి శిక్షణ కూడా ఉంటుంది. నెల్లూరులో వృద్ధాశ్రమం నడిపేవాళ్లకు ఇలాంటి పరీక్షేమీ లేదు.