మెయిల్ సర్వర్ చూసుకోబోతున్న మా చిట్టికి

చిట్టీ,

మీ ఆఫీసు మెయిల్ సర్వర్ ఇకనుంచి నువ్వే చూసుకుంటావని అక్క చెప్పింది. గర్వంగా అనిపించింది, ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. సర్వర్ పడిపోతే లేపుకోవచ్చు, దానికి నేను భయపడను. స్పామ్‌ను ఆపబోయి, ఎవరో నిజంగా రాసిన ఉత్తరాన్ని చడీచప్పుడు లేకుండా మింగేసే సర్వర్ అంటేనే నాకు భయం.

మీ పేరుతో వచ్చిన మెయిల్ నిజంగా మీదేనా అని అవతలి సర్వర్లు తేల్చుకోవడానికి పెట్టే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు నీకు తెలిసిన పనే. డీమార్క్‌ను మాత్రం మొదటిరోజే రిజెక్ట్‌లో (పరీక్ష తప్పిన మెయిల్‌ని తిప్పికొట్టమనే సెట్టింగ్‌లో) పెట్టకు, కొన్నాళ్లు రిపోర్టులు చదువు, మీ పేరుతో బయటినుంచి మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఉంటుంది, అది ఎవరికీ గుర్తుండదు. ఎవరి మెయిల్‌నైనా ఎవరికైనా చేరవేసే సర్వర్, అదే ఓపెన్ రిలే, కాకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు సెండ్‌మెయిల్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎవరి మెయిల్ ఇచ్చినా మోసుకెళ్లేది, 1998లో 8.9 వెర్షన్ వచ్చాకే డీఫాల్ట్‌గా అది ఆగింది. అయినా బయటి నెట్‌వర్క్ నుంచి ఒకసారి పరీక్షించు.

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిచేసిన ఒకచోట సర్వర్ ప్రతి మెయిల్‌నీ ముందు తీసేసుకునేది, తర్వాత తీరిగ్గా స్కాన్ చేసి, స్పామ్ అని తేలితే "మీ మెయిల్ తిరస్కరించాం" అని పంపినవాళ్ల అడ్రస్‌కి జవాబు రాసేది. వినడానికి మర్యాదగానే ఉంది. కానీ స్పామ్ పంపేవాడు తన సొంత అడ్రస్ ఎందుకు పెడతాడు చెప్పు? ఎక్కడో దొరికిన అమాయకుల అడ్రస్ పెడతాడు, మా జవాబులన్నీ వాళ్ల నెత్తిన పడ్డాయి. ఒకరోజు పొద్దున్న బయటికి వెళ్లాల్సిన మెయిళ్ల క్యూ తెరిచి చూస్తే, వెళ్లలేక ఇరుక్కుపోయిన మెయిలర్-డీమన్ జవాబులు (సర్వర్ తనంతట తాను రాసేవి) ఎంత కిందికి జరిపినా తరగడం లేదు, వాటి కిందే ఆ స్పామ్ కూడా అతికించి ఉంది. అంటే వాడి పని మా సర్వరే చేసిపెడుతోందన్నమాట. బ్యాక్‌స్కాటర్ అంటారే, అదే ఇది. మా సర్వర్ ఐపీ అడ్రస్ స్పామ్ పంపేవాళ్ల బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కింది.

కంగారులో జవాబులు ఆపేసి, స్పామ్ అనుకున్నదల్లా చెప్పాపెట్టకుండా డిలీట్ చేసేలా మార్చారు. ఫిర్యాదులు ఆగిపోయాయి, అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఉద్యోగానికి అప్లై చేసిన ఒక కుర్రాడి మెయిల్ అందులో కొట్టుకుపోయింది, అటాచ్‌మెంట్ వల్ల స్పామ్ స్కోరు పెరిగిందట. అతనికి ఎవరూ చెప్పలేదు, మాకూ తెలియలేదు. అతనే ఫోన్ చేసి అడిగేసరికి ఆ ఖాళీ నిండిపోయింది. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది.

అందుకే చెప్తున్నా, అవతలి సర్వర్ ఇంకా లైన్లో ఉండగానే తేల్చెయ్. మెయిల్ మొత్తం వచ్చాక, 250 (అంటే "తీసుకున్నాను") అనకముందే స్కాన్ చేసి, వద్దనుకుంటే 550 (అంటే "తీసుకోను") చెప్పు. 250 అన్నాక ఆ ఉత్తరం బాధ్యత నీదే, మెయిల్ పంపకాల నియమాలు రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5321 కూడా ఆ మాటే అంటుంది. 550 అంటే నిజమైన మనిషికి వాళ్ల సర్వరే కబురు చెప్తుంది, స్పామ్ ప్రోగ్రామ్ అయితే దాని కథ అక్కడితో సరి. 550 పక్కన రాసే వాక్యం కూడా మనుషులకు అర్థమయ్యేలా, ఎవరికి ఫోన్ చేయాలో తెలిసేలా రాయి. ఊరికే అనుమానం ఉన్నవి స్పామ్ ఫోల్డర్లో వెయ్, పారెయ్యకు.

ఇంకొకటి, శుక్రవారం సాయంత్రం కొత్త రూల్ పెట్టేసి ఇంటికెళ్లే అలవాటు నీకుందని విన్నాను. మానుకోవే తల్లీ, రెండు రోజులు ఏం పోతోందో ఎవరూ చూడరు. పొద్దున్నే పెట్టి, సాయంత్రం దాకా లాగ్ నువ్వే చదువు.

పాస్‌వర్డ్‌లు తీసేసి కాన్ఫిగ్ నాకు పంపు. రాత్రయినా కూర్చుని చూస్తాను.

మావయ్య