అన్నయ్యను క్షమిస్తే వాటా వదులుకోవాలా?

ప్రశ్న: అమ్మ పోయాక, పర్లాఖెముండిలోని ఇంటి మీద బ్యాంకు లోను కోసమని చెప్పి మా అన్నయ్య నాచేత సంతకాలు పెట్టించుకున్నాడు. తీరా చూస్తే అది నా హక్కు వదులుకుంటున్నట్టు రాసిన పత్రం. పాపసంకీర్తనంలో గురువుల దగ్గర చెప్పుకున్నాను, క్షమించాననీ అన్నాను. అయినా ఫోన్‌లో వదిన గొంతు వింటే ఒళ్ళు మండిపోతుంది. ఇక్కడ చర్చిలో పూజ ఒడియాలో జరిగినా పరలోక జపం నేను తెలుగులోనే చెప్పుకుంటాను. ‘మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు’ దగ్గర నోరు ఆగిపోతుంది. పూజలో గురువులు ఇచ్చే పవిత్ర అప్పం, సత్ప్రసాదం, తీసుకోవడం మానేశాను. వచ్చే నెల మేనకోడలి పెళ్ళి. వాటా అడిగితే క్షమించనట్టేనా?
- ఒక సోదరి, రాయగడ

జవాబు: కాదమ్మా. ఎవరైనా మీకు అలా చెప్పి ఉంటే అది తప్పు.

ముందు ఆ ఒళ్ళు మండటం సంగతి. గుణుపురంలో నేను సత్ప్రసాద తరగతులు చెప్పేటప్పుడు పిల్లలు కూడా అడిగేవాళ్ళు, క్షమించాక మళ్ళీ కోపం వస్తే పాపమా అని. దెబ్బను మరచిపోవడం, నొప్పి తెలియకుండా ఉండటం మన చేతుల్లో లేవని శ్రీసభ (కతోలిక సంఘం) సత్యోపదేశ గ్రంథమే 2843వ పేరాలో ఒప్పుకుంటుంది. మన చేతుల్లో ఉన్నది దెబ్బ తీసిన మనిషికి చెడు కోరకపోవడం, ఆ మనిషి కోసం ప్రార్థించడం. కోపం వచ్చిన ప్రతిసారీ అన్నయ్య పేరున ఒక్క మంగళవార్త జపం చెప్పండి, మనసు రాకపోయినా సరే. మీ విచారణ గురువులకు (మీ చర్చి ఫాదర్‌గారికి) ఇదంతా విడమరచి చెప్పి, మళ్ళీ సత్ప్రసాదం తీసుకోండి. బలం కావలసిన సమయంలోనే దాన్ని మానుకుంటే ఎలా?

ఇక వాటా సంగతి. 1995లో మధ్యప్రదేశ్‌లో సిస్టర్ రాణి మరియ అనే కన్యస్త్రీని బస్సులో వెళ్తుండగా పొడిచి చంపారు. ఆమె సొంత చెల్లెలు, తనూ సిస్టరే, 2002లో జైలుకెళ్ళి ఆ హంతకుడికి రాఖీ కట్టింది. మధ్యలో ఏడేళ్ళు గడిచాయి చూడండి. రాఖీ కట్టినంత మాత్రాన శిక్ష ఆగిపోలేదు, అతను విడుదలైంది 2006లో. క్షమాపణ అన్యాయాన్ని ఉపేక్షించడం కాదని, జరిగిన నష్టాన్ని పూడ్చాల్సిందేనని రెండవ జాన్ పాల్ పాపుగారు శ్రీసభకంతటికీ రాసిన 1980 నాటి విశ్వలేఖలో స్పష్టంగా రాశారు.

కాబట్టి వాటా అడగండి. 1925 వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే మన క్రైస్తవ కుటుంబాల్లో కొడుక్కీ కూతురికీ సమాన భాగమే. మీరు అడగకపోతే అన్నయ్యకు తన తప్పు దిద్దుకునే అవకాశం కూడా ఉండదు. నాకు ఇది డబ్బు కన్నా పెద్ద విషయంగా కనిపిస్తోంది.

పెళ్ళికి వెళ్ళండి. మేనకోడలు ఏ సంతకమూ పెట్టించలేదు కదా. ఆ రోజు ఇంటి మాట ఎత్తకండి. ఆ తర్వాత ఇద్దరూ గౌరవించే పెద్దమనిషిని కూర్చోబెట్టి అడగండి. వకీలును మాత్రం పెళ్ళిదాకా ఆగకుండా ఈ వారమే కలవండి. మోసంతో రాయించిన పత్రం రద్దు కావాలంటే, ఆ మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలి. మీకు ఎప్పుడు తెలిసిందో ఉత్తరంలో రాయలేదు.