మళ్లించడమా, తిప్పడమా, తప్పించడమా?

సందేహం: ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసే పనిలో ఉన్నాను. డైవర్ట్, డిఫ్లెక్ట్, వీర్, స్వర్వ్ అనే నాలుగు క్రియలూ దారి మారడం గురించే చెబుతాయి. నిఘంటువులో వెతికితే అన్నింటికీ 'మళ్లు, మళ్లించు, తిప్పు' అనే కనిపిస్తోంది. ఈ మధ్య ఇలా రాశాను: 'విమానాన్ని హైదరాబాద్‌కు మళ్లించారు', 'గేదె అడ్డు రావడంతో డ్రైవర్ కారును మళ్లించాడు', 'తుపాను తీరం నుంచి మళ్లించింది', 'మంత్రి ప్రశ్నను మళ్లించారు'. మొదటి వాక్యం తప్ప మిగతావన్నీ ఏదో తేడాగా వినిపిస్తున్నాయి. లోపం ఎక్కడుంది?

సమాధానం: మీ చెవి సరిగ్గానే పట్టింది. మొదటి వాక్యం నికార్సయిన తెలుగు, మిగతా మూడూ కావు. అయితే ఆ మూడింటిలో లోపం ఒకటే కాదు.

ముందు ఇంగ్లీషు మాటలు చూద్దాం. డైవర్ట్‌లో ఎవరో ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఉంటుంది. వెళ్లేదాన్ని ఆపి మరో చోటికి పంపడం అది. స్వర్వ్‌లో ఆలోచనకు వ్యవధే లేదు. ఏదో ఎదురైంది, చెయ్యి చటుక్కున పక్కకు తిరిగింది, అంతే. వీర్‌లో తిప్పేవారు ఉండొచ్చు, లేకపోవచ్చు. వెళ్తున్నది తన దారి విడిచి మరోవైపుకు సాగడమే ప్రధానం. డిఫ్లెక్ట్ కావాలంటే మధ్యలో ఏదో తగలాలి లేదా ఏదో బలం పనిచేయాలి. ఎవరు తిప్పారు, ఎంత వేగంగా తిప్పారు, దేనివల్ల తిరిగింది అన్న మూడు సంగతులనూ ఇంగ్లీషు ఒక్క క్రియలోనే ఇమిడ్చేస్తుంది. తెలుగు అలా చేయదు. 'చటుక్కున', 'తగిలి', 'తప్పించబోయి' అంటూ ఆ సంగతిని పక్కన విడిగా పెట్టి, అసలు క్రియను తేలికగా ఉంచుతుంది. అందుకే ఒక ఇంగ్లీషు క్రియకు ఒకే తెలుగు క్రియను జత చేయాలని చూస్తే వాక్యం బిగుసుకుపోతుంది.

ఇప్పుడు 'మళ్లించు'. దీని అర్థం పొలంలో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఒక మడికి నీళ్లు చాలగానే రైతు పారతో నాలుగు మట్టిపెళ్లలు తీసి ఆ మడవ కట్టేస్తాడు. తర్వాత పక్క మడవ తెంచుతాడు. నీళ్లు అటు పారతాయి. ఇందులో మూడున్నాయి: పారుతున్నది, దాన్ని ఆపిన మనిషి, అది చేరాల్సిన చోటు. మూడూ ఉన్నచోట 'మళ్లించు' చక్కగా అతుకుతుంది. 2015లో పట్టిసీమ దగ్గర గోదావరి నీటిని ఎత్తిపోసి, పోలవరం కుడి కాలువ గుండా కృష్ణా డెల్టాకు మళ్లించారు. నిధులు మళ్లించడం, రైళ్లను దారి మళ్లించడం, ట్రాఫిక్ మళ్లించడం కూడా అలాంటివే. మీ విమానం వాక్యం నిలబడిందంటే కారణం ఇదే: హైదరాబాద్ అనే చోటు అందులో ఉంది, నిర్ణయించినవారు 'మళ్లించారు'లోని 'రు'లో ఉన్నారు.

కారు వాక్యంలో చేరాల్సిన చోటు లేదు. డ్రైవర్ కారును ఎక్కడికో పంపాలనుకోలేదు, గేదెను గుద్దకూడదనుకున్నాడు. తెలుగులో ఈ సందర్భానికి సహజమైన క్రియ 'తప్పించు'. 'గేదె అడ్డు రావడంతో డ్రైవర్ ఒక్కసారిగా స్టీరింగ్ పక్కకు తిప్పాడు' అనండి, లేదా 'గేదెను తప్పించబోయి కారును చెట్టుకు గుద్దాడు' అనండి. ఇక్కడ వార్తలు రాసేవారు తప్పక గమనించాల్సిన తేడా ఒకటుంది. 'గేదెను తప్పించి చెట్టును గుద్దాడు' అంటే గేదెకు ఏమీ కాలేదని అర్థం. 'తప్పించబోయి' అంటే ప్రయత్నించాడనే చెప్పినట్టు, గేదె సంగతి తెలియదు. ప్రమాద వార్తలో ఆ 'బోయి' చాలా ముఖ్యం. గేదె బతికిందో లేదో తెలియనప్పుడు 'తప్పించి' రాయకండి.

తుపాను వాక్యంలోది వ్యాకరణ దోషం. మళ్లు అకర్మకం, మళ్లించు సకర్మకం. తుపాను దేన్నీ మళ్లించలేదు, తానే మళ్లింది. ఈ జతలను గుర్తు పెట్టుకుంటే చాలు: తిరుగు–తిప్పు, మరలు–మరల్చు, మళ్లు–మళ్లించు. 2021 డిసెంబరులో జవాద్ తుపాను ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా వైపు వస్తూ తీరం దగ్గర ఉత్తర ఈశాన్యానికి మళ్లింది. 'దిశ మార్చుకుంది' అన్నా బాగుంటుంది. ఆ 'కొను' వల్ల మార్పు తుపానులోనే జరిగిందని తెలుస్తుంది. వాతావరణ సమాచారాన్ని తెలుగు చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. గాలి గురించి చెప్పేటప్పుడు వీర్ అంటే గడియారం ముల్లు తిరిగే వైపుకు గాలి మారడం. దక్షిణం నుంచి వీచే గాలి పడమటి నుంచి వీచడం అలాంటిది. దీనికి వ్యతిరేకమైతే బ్యాక్ అంటారు. అక్కడ 'మళ్లింది' అంటే సగమే చెప్పినట్టు. 'గాలి సవ్య దిశలో మారింది', 'అపసవ్య దిశలో మారింది' అని రాయాలి.

మంత్రి వాక్యానికి ఇంత చర్చ అక్కర్లేదు. ప్రశ్నను 'దాటవేశారు'. నిందను వేరొకరిపైకి తోస్తే 'నెపం ప్రతిపక్షం మీదకు నెట్టారు'. మన భాషలో సిద్ధంగా ఉన్న పలుకుబడులివి.

డిఫ్లెక్ట్‌కు అసలు అర్థంలో, అంటే తగిలి పక్కకు పోవడానికి, తెలుగు రెండు క్రియలు వాడుతుంది: 'బంతి బ్యాటు అంచుకు తగిలి వికెట్ల మీదకు మళ్లింది'. 'తగిలి' తీసేస్తే బంతి దానంతటదే మళ్లినట్టవుతుంది. పాఠ్యపుస్తకాలకు మాత్రం విడి పదాలున్నాయి. గాల్వనామీటరు సూచిక కదలడం 'అపవర్తనం', పట్టకంలో కాంతికిరణం తన దారి తప్పే కొలత 'విచలన కోణం'. ఈ రెండింటినీ వార్తల్లోకి తేకండి. పాఠాల్లో రాయాల్సినచోట 'మళ్లడం' అనీ రాయకండి.

తిరుగుకూ మళ్లుకూ ఉన్న తేడాను చాలామంది పట్టించుకోరు. తిరిగినప్పుడు ముఖం వేరే వైపుకు వస్తుంది, మళ్లినప్పుడు నడిచే దారి మారుతుంది. 'ఇటు తిరుగు' అంటే నిలబడ్డ మనిషి కాలు కదపకుండానే ఇటు చూస్తాడు. 'ఇటు మళ్లు' అంటే నడిచే మనిషి ఇటు వస్తాడు. పొద్దుతిరుగుడు పువ్వు పేరులో 'తిరుగుడు' ఉందే గాని 'మళ్లుడు' లేదు. మొక్క కదలదు కదా. నదులకూ రోడ్లకూ రెండూ వాడతాం గాని, తిప్పినవారు లేనప్పుడు 'తిరుగు'కే నా మొగ్గు: మంజీర ఆగ్నేయంగా వచ్చి, ఉత్తరానికి తిరిగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది.

'మరల్చు', 'మళ్లించు' ఒకే మూలం నుంచి వచ్చినా వాడుకలో దూరమయ్యాయి. మరల్చుకు 'నుంచి' కావాలి, మళ్లించుకు 'కు' గాని 'వైపు' గాని కావాలి. 'ఆ బొమ్మ మీద నుంచి చూపు మరల్చలేకపోయింది' అంటాం. దొంగలు పది రూపాయల నోట్లు కింద పడేసి, అటువైపు దృష్టి మళ్లించి బ్యాగు ఎత్తుకెళ్లారు అంటాం. వదిలిన చోటు ముఖ్యమా, చేరిన చోటు ముఖ్యమా అని అడిగి చూసుకుంటే ఏది రాయాలో తేలుతుంది.

మరలు అన్న క్రియ కుదించుకుపోయి మళ్లు అయింది. దాని క్త్వార్థం (అంటే 'చేసి', 'వచ్చి' లాంటి రూపం) 'మరలి' నుంచే మనం రోజూ వాడే 'మళ్లీ' వచ్చింది. వెనక్కి తిరగడం 'ఇంకోసారి' చేయడంగా మారిందన్నమాట. 'తిరిగి' కూడా అంతే: 'తిరిగి రాయి' అంటే మళ్లీ రాయమనే. తెలంగాణలో 'మల్ల' అంటే మళ్లీ. 'మర్లబడు' అంటే ఎదురుతిరగడం. కోస్తాలో 'తిరగబడు' అన్నప్పుడు తిరుగు చేసిన పనినే తెలంగాణలో మరలు చేసింది. ఈ మాటలను యాస అని పక్కన పెట్టకుండా, వార్త తెలంగాణ పల్లెదైతే అక్కడివారి నోటి మాటగా 'మర్లబడ్డరు' అనే రాయండి. అర్థం కాని తెలుగువారుండరు.

ఇంకొక మాట. మీరు అడగలేదు గాని, 'కేసు కొత్త మలుపు తీసుకుంది' అన్న వాక్యం పేపర్లలో తరచూ కనబడుతోంది. అది ఇంగ్లీషు 'టేక్ ఎ టర్న్'కు ముక్కస్య ముక్క అనువాదం. తెలుగులో కేసు మలుపు తిరుగుతుంది. ఆటోవాలాతో 'లెఫ్ట్ తీసుకో' అనడం వేరు. అక్కడ 'లెఫ్ట్' అన్న ఇంగ్లీషు మాటను అలాగే ఉంచి, దాని పక్కనుండే 'టేక్'ను 'తీసుకో'గా తెచ్చుకున్నాం, అది వాడుకలో స్థిరపడింది. తెలుగు మాట 'మలుపు' పక్కన 'తీసుకొను' మాత్రం అతకదు. 'కేసు కొత్త మలుపు తిరిగింది' అని రాయండి.