విశ్వవిద్యాలయంలో అమ్మాయిలకు అండ ఎవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఒకే చోట సమాధానం ఇస్తున్నాను. ముగ్గురూ వేర్వేరు ఊళ్ల నుంచి రాసినా, అడిగింది చదువుకుంటున్న అమ్మాయిల భద్రత గురించి, స్వేచ్ఛ గురించి. రాసినవారి పేర్లు, విద్యాసంస్థల పేర్లు తీసివేశాను.

ప్రశ్న: నేను ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా విభాగంలోని ఒక అధ్యాపకుడు ప్రాజెక్టు పేరుతో రాత్రి పొద్దుపోయాక వాట్సాప్ సందేశాలు పంపుతున్నారు, తన గదికి ఒంటరిగా రమ్మంటున్నారు, ఒకసారి భుజం మీద చెయ్యి వేశారు. ఇది జరిగి రెండు నెలలు దాటింది. మార్కులు వేసేది ఆయనే. ఫిర్యాదు చేస్తే నా పేరు బయటపడుతుందని, రుజువు చేయలేకపోతే నా మీదే చర్య తీసుకుంటారని స్నేహితురాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: ఇన్నాళ్లూ చెప్పలేకపోయినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అయితే గడువు సంగతి ముందు తెలుసుకోండి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం, విశ్వవిద్యాలయాల కోసం యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) తెచ్చిన 2015 నిబంధనల ప్రకారం, చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోపు, ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి మీ విశ్వవిద్యాలయంలోనే ఉండే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యానికి తగిన కారణం ఉందని కమిటీ భావిస్తే మరో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు. రాయడం మీకు కష్టమైతే సాయం చేయడం కమిటీ బాధ్యతే. ఆ సందేశాలను ఫోన్‌లోంచి తీసేయకండి. వాటి స్క్రీన్‌షాట్లు మీరు నమ్మే మనిషి దగ్గర కూడా ఉంచండి. ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగిందో, ఆ తర్వాత ఎవరికి చెప్పుకున్నారో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.

మీ పేరు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఫిర్యాదు ప్రతిని ఏడు రోజుల్లోపు ఆ అధ్యాపకుడికి పంపుతారు కాబట్టి, ఫిర్యాదు చేసింది మీరేనని ఆయనకు తెలుస్తుంది. బయటివారికి మాత్రం మీ పేరు గానీ, విచారణ వివరాలు గానీ వెల్లడించడాన్ని చట్టం నిషేధించింది. రుజువు చేయలేకపోవడం వేరు, కావాలని అబద్ధపు ఫిర్యాదు చేయడం వేరు. మొదటిదానికి శిక్ష లేదని చట్టంలోనే స్పష్టంగా ఉంది. మీ స్నేహితురాళ్లకు ఈ ఒక్క మాటా చదివి వినిపించండి, ఎందుకంటే ఎందరో అమ్మాయిల నోరు నొక్కుతున్నది ఈ అపోహే.

మార్కుల భయానికీ నిబంధనల్లో జవాబు ఉంది. విచారణ సాగుతున్నంత కాలం మీ పనిని ఆయన మూల్యాంకనం చేయకుండా చూడాలని, మీకు దూరంగా ఉండాలని ఆయనను హెచ్చరించాలని కమిటీని కోరవచ్చు. హాజరు, విద్యాపరమైన ప్రయోజనాలు పోకుండా మూడు నెలల వరకు సెలవు కూడా అడగవచ్చు. ఈ మధ్యంతర రక్షణలను ఫిర్యాదులోనే రాయండి. అడగనిదే ఎవరూ ఇవ్వరని నా అనుభవం. విచారణ 90 రోజుల్లో ముగియాలి. మధ్యలో ఎవరైనా మిమ్మల్ని పిలిచి, పెద్దమనుషుల తీరులో సర్దుబాటు చేసుకొమ్మంటే ఒప్పుకోవలసిన పని లేదు. మీరుగా కోరితే తప్ప రాజీ ప్రస్తావనే రాకూడదు, వచ్చినా డబ్బుతో తేల్చడానికి వీల్లేదు. పోలీసు కేసు పెట్టాలనుకుంటే ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, అందుకు విశ్వవిద్యాలయం మీకు సాయపడాలి. కమిటీ ముందుకు వెళ్లే రోజున తలుపు దాకానైనా ఒక స్నేహితురాలిని తోడు తీసుకెళ్లండి. విచారణ గదిలో అడిగే ప్రశ్నల కన్నా, బయటికి వచ్చాక ఒంటరిగా హాస్టల్‌కు నడవడమే ఎక్కువ కుంగదీసిందని నాతో చెప్పిన అమ్మాయిలు ఉన్నారు.

ప్రశ్న: మా అమ్మాయి హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకే మూసేస్తారు, మగపిల్లల హాస్టల్‌కు ఆ నియమం లేదు. దీని మీద అడిగే ఒక విద్యార్థినుల సంఘంలో మా అమ్మాయి చేరింది. కేసులవుతాయేమో, చదువు పాడవుతుందేమోనని మాకు నిద్ర పట్టడం లేదు. మానేయమని చెప్పమంటారా?
— ఒక తల్లి, ఒంగోలు

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి అడుగుతున్నది న్యాయమే. భద్రత పేరు చెప్పి మగపిల్లలకు లేని నియమాలను ఆడపిల్లల హాస్టళ్లలో పెట్టకూడదని పైన చెప్పిన 2015 నిబంధనల్లోనే ఉంది. లైబ్రరీ రాత్రి దాకా తెరిచి ఉండి, అమ్మాయిలు మాత్రం ఆరున్నరకే గేటు లోపల ఉండాలంటే, కట్టిన ఫీజు ఒకటే అయినా అందే చదువు ఒకటి కాదు. 2015లో ఢిల్లీలో అమ్మాయిలు 'పింజ్రా తోడ్' పేరుతో, అంటే పంజరం విరగ్గొట్టమని, ఉద్యమం మొదలుపెట్టింది ఇటువంటి గేట్ల మీదే.

మీ భయం అర్థం లేనిదని అనను. ఆ ఉద్యమంలోని ఇద్దరు యువతులను 2020లో ఢిల్లీ అల్లర్ల కేసుల్లో అరెస్టు చేశారు; 2021 జూన్‌లో గానీ వారికి హైకోర్టు బెయిల్ ఇవ్వలేదు. అయితే వార్డెన్‌కు వినతిపత్రం ఇవ్వడం, సంతకాలు సేకరించడం, సభ పెట్టుకోవడం నేరాలు కావు. మన దగ్గర ఇది కొత్తా కాదు. 1974లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘంగా ఏర్పడి ఈవ్ టీజింగ్ మీద, వరకట్నం మీద వీధుల్లోకి వచ్చారు. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారన్న ఆరోపణతో నగరం అట్టుడికినప్పుడు, ఆమె పక్షాన నిలిచిన వారిలో ఇక్కడి స్త్రీవాదులు ఉన్నారు. రాజస్థాన్‌లో ఒక బాల్యవివాహాన్ని అడ్డుకోబోయినందుకు భన్వరీదేవి 1992లో సామూహిక అత్యాచారానికి గురైతే, మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లి 1997లో విశాఖ తీర్పు సాధించాయి. మొదటి ఉత్తరం రాసిన అమ్మాయి ఇవాళ తలుపు తట్టగల కమిటీకి పునాది ఆ తీర్పే.

అందుకని మానేయమని చెప్పకండి. సంఘంలో ఎవరెవరు ఉన్నారో, ఏం చేయబోతున్నారో అడిగి తెలుసుకోండి, పరీక్షల తేదీలు గుర్తుచేయండి, వీలైతే ఆ వినతిపత్రం మీద తల్లిగా మీరూ ఒక సంతకం పెట్టండి. వార్డెన్లు చాలాసార్లు "తల్లిదండ్రులే ఇలా కోరుతున్నారు" అంటారు. మీ సంతకం ఉంటే ఆ మాట అనలేరు.

ప్రశ్న: ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఈ ఏడాది నాకు మహిళా సాధికారత విభాగం బాధ్యత అప్పగించారు. మార్చి 8న ముగ్గుల పోటీ, వ్యాసరచన పోటీ తప్ప ఇంతవరకు ఏమీ జరగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక అధ్యాపకురాలు, వరంగల్

సమాధానం: ముగ్గుల పోటీని తీసేయకండి, అమ్మాయిలంతా ఒక చోట చేరే రోజు అది. ముందుగా అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల జాబితా తెప్పించి, అందులో ఎందరు ఇంకా అక్కడే పనిచేస్తున్నారో చూడండి. గోవా విశ్వవిద్యాలయంలో మొదలైన ఒక కేసులో 2023 మేలో తీర్పు ఇస్తూ, చట్టం వచ్చి ఇన్నేళ్లయినా అమలులో తీవ్రమైన లోపాలు ఉన్నాయని సుప్రీంకోర్టు బాధపడింది. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదును విచారించేటప్పుడు ఎన్నికైన ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కమిటీలో ఉండాలి, ప్రిన్సిపాల్ వంటి పాలనాధికారులు ఉండకూడదు. ఈ ఎన్నిక జరిపించడానికి గట్టిగా పట్టుబట్టండి. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ)లో 1999 నుంచి ఎన్నికైన ప్రతినిధులతో నడిచిన కమిటీని 2017లో పాలకవర్గం రద్దు చేసినప్పుడు విద్యార్థులు అంతగా పోరాడింది ఈ సూత్రం కోసమే.

మీ విభాగాన్ని ఆ కమిటీతో కలపకండి. తీర్పు చెప్పేవారి దగ్గర అమ్మాయిలు మనసు విప్పలేరు, మీ దగ్గర విప్పగలగాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, మానసిక ఆరోగ్యానికి తెలుగులోనూ మాట్లాడే టెలీ మానస్ 14416, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లను పెద్ద అక్షరాలతో రాయించండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందన్న సంగతి చాలామంది అధ్యాపకులకే తెలియదు.

నేను పనిచేసిన ఒక కళాశాలలో ఫిర్యాదుల పెట్టె ప్రిన్సిపాల్ గది పక్కన, సీసీ కెమెరా కింద ఉండేది. మూడేళ్లలో అందులో ఒక్క కాగితమూ పడలేదు. దాన్ని లేడీస్ వెయిటింగ్ రూమ్‌లోకి మార్చాక, మొదటి వారంలోనే నాలుగు చీటీలు వచ్చాయి. వాటిలో మూడు మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదన్నవే. నాలుగోది పేరు లేకుండా, "ఎవరితో మాట్లాడాలి?" అని ఒక్క వాక్యం. మీ పెట్టె ఎక్కడ ఉందో రేపే వెళ్లి చూడండి.