కంపెనీ యాప్స్ లేకుండా విండోస్ మళ్లీ వేసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్‌లో చేరిందని రెండు నెలల కింద కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం సార్. ఆన్ చేస్తే చాలు యాంటీవైరస్ ట్రయల్ అయిపోతుంది డబ్బులు కట్టండి అని ఒకటే పాప్-అప్‌లు, మేం పెట్టని గేమ్స్, కంపెనీ యాప్స్ ఏవేవో ఉన్నాయి. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తాం, 1000 రూపాయలు అన్నారు. ఇంట్లో మేమే చేసుకోవచ్చా? విండోస్ మళ్లీ కొనాలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కొనక్కర్లేదమ్మా. విండోస్‌తో కలిపి అమ్మిన ల్యాప్‌టాప్‌కి విండోస్ లైసెన్స్ కీ (కొన్నారని రుజువయ్యే కోడ్) మదర్‌బోర్డ్ చిప్‌లోనే ఉంటుంది, 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ కీని విండోసే చదువుకుని, మీ దాంట్లో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే రకం విండోస్ ఉంటే అదే వేస్తుంది. కొన్ని షాపుల్లో అడక్కుండానే క్రాక్ చేసిన (లైసెన్స్ లేని దొంగ) విండోస్ ప్రో వేసేస్తారు, మీరు డబ్బు పెట్టి కొన్న లైసెన్స్ పక్కన పడేసి లైసెన్స్ ఉన్నట్టు నమ్మించడానికి ఎవరో తయారుచేసిన యాక్టివేటర్ ప్రోగ్రామ్‌ని పిల్ల పాస్‌వర్డ్‌లు ఉండే మెషిన్‌లోకి ఎక్కించడం ఏం న్యాయం? దానికి అస్సలు ఒప్పుకోవద్దు.

చెరిపే ముందు ఒక్కటి మర్చిపోవద్దు, ల్యాప్‌టాప్‌తో ఆఫీస్ వచ్చి ఉంటే వర్డ్ తెరిచి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో యాక్టివేట్ చేసేయండి, అప్పుడే తర్వాత ఆ అకౌంట్ నుంచి మళ్లీ దించుకోగలరు. ఫొటోలు, నోట్స్ వేరే చోట కాపీ పెట్టుకోండి.

సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంది కదా అంటారు, దాంతో చాలాసార్లు కంపెనీ యాప్స్ మళ్లీ వచ్చి కూర్చుంటాయి. అందుకే 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ దించి, దాంతో విండోస్ 11 పెన్‌డ్రైవ్ చేసుకోండి (అందులో ఉన్నవన్నీ పోతాయి). ఆన్ చేస్తూ డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసస్ అయితే ఎస్కేప్ నొక్కితే దేని నుంచి ఆన్ అవ్వాలో అడిగే బూట్ మెనూ వస్తుంది, పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. తర్వాత ల్యాప్‌టాప్ డిస్క్‌లో ఉన్న పార్టిషన్లన్నీ (డిస్క్‌ని విడగొట్టిన భాగాలు) డిలీట్ చేసి, ఖాళీ అయిన చోట ఇన్‌స్టాల్ కొట్టండి. అక్కడ పెన్‌డ్రైవ్ పార్టిషన్ కూడా కనిపిస్తుంది, సైజు చూసుకుని దాన్ని ముట్టుకోవద్దు.

ఎక్కువ మంది ఆగిపోయేది రెండు చోట్ల. ఇంటెల్ ల్యాప్‌టాప్స్‌లో ఒక్కోసారి డిస్కే కనిపించదు, పాడైపోయిందని భయపడొద్దు, మీ మోడల్ సపోర్ట్ పేజీలో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ (విండోస్‌కి డిస్క్ కనిపించేలా చేసే చిన్న ప్రోగ్రామ్) ముందే దించి, అన్‌జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని అక్కడ లోడ్ డ్రైవర్ నొక్కితే డిస్క్ కనిపిస్తుంది. ఇంకోటి, ఇన్‌స్టాల్ అయ్యాక వైఫై రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి వస్తుంది, మిగతా డ్రైవర్లు చాలావరకు విండోస్ అప్‌డేటే తెచ్చుకుంటుంది.

యాంటీవైరస్ కొనొద్దు, విండోస్‌లో ఉండే డిఫెండర్ మీ అమ్మాయి వాడకానికి చాలు. మైక్రోసాఫ్ట్ వాళ్లవి మీకు అక్కర్లేని యాప్స్ కొన్ని వస్తే రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. అలాగని కంపెనీవి అన్నీ చెత్త అనుకోవద్దు, ఫ్యాన్ స్పీడ్, బ్యాటరీ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టే యాప్ ఉంటే అదొక్కటి సపోర్ట్ పేజీ నుంచి మళ్లీ వేసుకోండి, రోజంతా ఛార్జర్ పెట్టి చదువుకునే పిల్లలకి అది నిజంగా పనికొస్తుంది.