హాలోజన్ అమైడ్‌ల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసింది, జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. హాలోజన్ ఉన్న అమైడ్ అణువుల ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఆ పేరు విని బంధువులు నవ్వుతున్నారు. దాని బదులు డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ వైపు వరి వేసే రైతుల్ని బ్యూటాక్లోర్ గురించి అడిగి చూడండి. కలుపు మందుగా వాడే అది, ప్రెటిలాక్లోర్, రెండూ క్లోరిన్ అనే హాలోజన్ ఉన్న అమైడ్‌లే. కంటి చుక్కల్లో వాడే క్లోరాంఫెనికాల్ కూడా ఆ కోవదే. నవ్విన బంధువుల ఇళ్లలోనూ ఇవి ఉండే ఉంటాయి.

అమైడ్ అంటే కార్బొనిల్ (కార్బన్–ఆక్సిజన్ జంట బంధం) పక్కన నైట్రోజన్ ఉన్న అణువు. ఆ కార్బొనిల్ బంధం 1650 సెంటీమీటర్ ఇన్వర్స్ (ఈ కొలతలో వాడే యూనిట్) ప్రాంతంలో ఇన్‌ఫ్రారెడ్‌ను గ్రహిస్తుంది, ఆ గుర్తునే బ్యాండు అంటారు. ఏ బంధం ఎక్కడ గ్రహిస్తుందో చూడటమే ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ. పక్క కార్బన్ మీద క్లోరిన్‌గానీ ఫ్లోరిన్‌గానీ చేరితే ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది, బంధం బిగుసుకుని ఆ బ్యాండు పైకి జరుగుతుంది. హైడ్రోజన్ బంధాలేమో కిందికి లాగుతాయి. ఈ రెండిటినీ విడదీసి చెప్పడం దాదాపు మీ అమ్మాయి చేయబోయే పని. ఫార్మా క్యూసీలో (నాణ్యత పరీక్ష విభాగంలో) వచ్చిన ముడిసరుకు అసలుదో కాదో తేల్చడానికి ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కొలిచే పరికరం) మీద చూసేదీ ఇలాంటి బ్యాండ్లనే.

డేటా సైన్స్ మీద నాకు పగ లేదు. నాకు గుబులు పుట్టించే ఫ్యాషన్ ఈ సబ్జెక్టులోనే ఉంది. ఒక అణువును తీసుకుని, అణువుల లెక్కలు కట్టే గాసియన్ సాఫ్ట్‌వేర్‌లో బీ3ఎల్‌వైపీ అనే పద్ధతిలో దాని బ్యాండ్లు ఎక్కడ వస్తాయో లెక్క కట్టిస్తారు. వచ్చిన ఫ్రీక్వెన్సీలను 0.96 ప్రాంతపు స్కేలింగ్ ఫ్యాక్టర్‌తో (లెక్కను సరిచేసే సంఖ్యతో) గుణించి, ప్రయోగంతో చక్కగా సరిపోయాయని రాస్తారు. చివర్లో అణువులో ఎలక్ట్రాన్ల స్థాయిలు చూపే ఒక హోమో–లూమో బొమ్మ, అది ప్రొటీన్‌లో ఎలా కూర్చుంటుందో చూపే ఒక డాకింగ్ బొమ్మ. పేపర్ రెడీ! తర్వాతి పేపర్‌లో అణువు మారుతుంది, వాక్యాలు మారవు. లెక్క తప్పని నేననను. కానీ అది సాధారణంగా ఒంటరి అణువుకు కట్టిన లెక్క. ఘనరూపంలో అమైడ్ అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, కాబట్టి ఎన్‌–హెచ్ (నైట్రోజన్–హైడ్రోజన్) బ్యాండు దగ్గర తేడా రావాల్సిందే. ఆ తేడా ఎందుకొచ్చిందో ఎవరూ అడగని ల్యాబ్‌లో ఐదేళ్లు గడిపితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

అందుకే చేరే ముందు అమ్మాయిని ల్యాబ్‌కు వెళ్లి చూసి రమ్మనండి. ఎఫ్‌టీఐఆర్ పనిచేస్తోందా, స్కాలర్లే నడుపుతున్నారా, శాంపిళ్లు బయటికి పంపుతున్నారా? కాంపౌండ్లు తామే తయారు చేస్తారా? హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసే పరికరం) మీద చెయ్యి పెట్టనిస్తారా? ఇంతకుముందు పూర్తి చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?

ఇక మీ సంగతి. పిల్ల ఏం కావాలో తేల్చి చెబుతుంటే మీరు బంధువుల నవ్వులు లెక్కపెడుతున్నారు. జేఆర్‌ఎఫ్ అంటే నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఆమె మీ జేబు వైపు చూడట్లేదు. డేటా సైన్స్ ఫీజు మాత్రం మీరే కట్టాలి. మీరు రాయకపోయినా అసలు టెన్షన్ పెళ్లి గురించేనని నాకు అర్థమైంది. పెళ్లయ్యాక థీసిస్ సమర్పించిన ఆడపిల్లలు బోలెడంతమంది, ఆ భయం వదిలేయండి.

పోలిక అడిగారు కదా. డేటా సైన్స్ కోర్సు నెలల్లో అయిపోతుంది, కానీ అక్కడ ఆమె ఇంజినీరింగ్ పిల్లలతో మొదటి మెట్టు నుంచి పోటీపడాలి. పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది, పరికరాలు చేతికొస్తే ఫార్మా అనలిటికల్ ఆర్ అండ్ డీ, పురుగుమందుల కంపెనీలు, లెక్చరర్ పోస్టులు ఉంటాయి. డేటా సైన్స్‌లో వాడే పైథాన్ ప్రోగ్రామింగ్ సాయంత్రాలు నేర్చుకున్నా వస్తుంది.

ల్యాబ్ నచ్చకపోతే గైడ్‌ను మార్చుకోమనండి, సబ్జెక్టును కాదు. జేఆర్‌ఎఫ్ లెటర్ మీద గడువు తేదీ ఉంటుంది, ముందు అది చూడండి.